ఐదో గదిలో చెప్పని మాట

ఆ నియమం రాసింది నేనే. ఇంకొకరి నెత్తిన రుద్దడానికి లేదు. ట్రస్టు వాళ్ల కాగితం మీద నా పెన్నుతో, నా గుండ్రటి అక్షరాలతో రాశాను. డాక్టర్ల చేతిరాత ఎవరికీ అర్థం కాదంటారు గానీ నాది చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. నాకు దాని గురించి కొంచెం గర్వం కూడా ఉండేది.

అనకాపల్లి పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్లు పైబడి పనిచేసి రిటైరయ్యాను. పేరుకి కాన్పుల డాక్టరునే గానీ డ్యూటీ పడిన రోజున హైవే మీద యాక్సిడెంట్లు, పాము కాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, అందరూ నా దగ్గరికే వచ్చేవారు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే ఇద్దరు ముగ్గురు రిపోర్టులు పట్టుకుని మా గేటు దగ్గర నిలబడుతూనే ఉంటారు. విసుక్కుంటాను. విసుక్కుంటూనే చూస్తాను. నా కోపం ఊళ్లో అందరికీ అలవాటే.

మా బెల్లం మార్కెట్లో ఒక షావుకారు గారున్నారు. చనిపోయిన భార్య పేరు మీద ట్రస్టు పెట్టారు. నీట్‌లో అర్హత వచ్చి, గవర్నమెంటు సీటు కాస్తలో తప్పిపోయిన పల్లెటూరి పిల్లలు ఇద్దరిని ప్రతి ఏడాదీ ఎంచి, ప్రైవేటు కాలేజీలో చేర్పించి, ఎంబీబీఎస్ చదువంతా ఆ ట్రస్టే చదివిస్తుంది. ఎంచడం ఇంటర్వ్యూతో. మొదటి నుంచీ ఆ ఇంటర్వ్యూ చేసేది నేనూ షావుకారు గారూ. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి అరగంట కబుర్లు చెప్పించేవాళ్లం. ఆ అరగంటలో మనిషి లోతు నాకు తెలిసిపోతుందని నా నమ్మకం.

మొన్నటి ఏడాది షావుకారు గారు ఇంకొకాయన్ని కలుపుకున్నారు. విశాఖపట్నంలో ఒక మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే కుర్ర డాక్టరు. నెమ్మదైనవాడు, వినయంగా మాట్లాడతాడు. అందుకే నాకు ముందు నచ్చలేదు.

"ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మాటకారి పిల్లలే గెలుస్తారు మేడమ్," అన్నాడు మొదటి మీటింగులోనే. "ఆ అరగంట మనకి నచ్చితే చాలు, మిగతావన్నీ మనం మాఫీ చేసేస్తాం. ఇప్పుడు చాలాచోట్ల గదుల పద్ధతి పెడుతున్నారు. ఐదు గదులు. ఒక్కో గదిలో ఒక్కో పరిస్థితి. తలుపు మీద కాగితం చదువుకుని లోపలికెళ్లి, ఎనిమిది నిమిషాల్లో ఏం చేస్తారో చేయాలి. గంట కొట్టగానే తర్వాతి గది. ఒక్కో గదిలో ఒక్కో పరీక్షకుడు. ఒకరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు."

నాకు ఒళ్లు మండింది. "మనిషిని ఐదు ముక్కలు చేసి ఒక్కో గదిలో ఒక్కో ముక్క చూస్తారా? అన్నీ కలిపి మొత్తం మనిషిని చూసేదెవరు?" అన్నాను.

"మీరు చూసేదీ ఒక ముక్కే కదా మేడమ్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

షావుకారు గారికి తగాదాలంటే పడదు. మార్కెట్లో రెండు పార్టీల మధ్య కూర్చుని బేరం తెంచడం ఆయనకి పుట్టుకతో వచ్చింది. "బెల్లం దిమ్మని పైపైన సూసీ కొనం, ఒక్క మూల ఇరిసి సూసీ కొనం. రెండూ సెయ్యాల. మీది సగం, ఆయనది సగం. కలిపేయండి," అన్నారు.

కలపడం నా చేతిలో పెట్టారు. పెద్దదాన్ని కదా. ఎదురు ఇంటర్వ్యూకి సగం మార్కులు, గదులన్నిటికీ కలిపి సగం. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కాగితం కుర్ర డాక్టరు చేతికి ఇచ్చే ముందు నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ గదుల్లో నాటకం బాగా ఆడిన పిల్ల మార్కులు కొట్టేస్తే? ఒక గదిలో ప్రశ్న ఏమిటంటే, నువ్వు రోగికి తప్పు మాత్ర ఇచ్చావు, ఎవరూ చూడలేదు, రోగి కొడుకు వచ్చి అడుగుతున్నాడు, ఏం చెబుతావు అని. అక్కడ తీయగా అబద్ధమాడి తప్పించుకున్నవాడికి కూడా మిగతా గదుల మార్కులతో సీటొచ్చేస్తుంది కదా. అందుకని కింద ఒక వాక్యం రాశాను. "ఏ గదిలోనైనా సరే, రోగికి గాని బంధువులకు గాని అబద్ధం చెప్పిన అభ్యర్థిని, మిగతా మార్కులతో సంబంధం లేకుండా తొలగించాలి."

కుర్ర డాక్టరు అది రెండుసార్లు చదివాడు. "చాలా మంచి నియమం మేడమ్," అన్నాడు. ఆ మెప్పుకి నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంటర్వ్యూలు ఆదివారం నాడు మా ఊళ్లోనే ఒక స్కూల్లో పెట్టారు. వరండాలో ఇనప పట్టా ముక్క వేలాడదీసి ఉంటుంది, అదే గంట. ఎనిమిది నిమిషాలకోసారి అటెండరు దాన్ని వాయించేవాడు. ఐదు తరగతి గదులు కుర్ర డాక్టరువి, చివర హెడ్‌మాస్టరు గది నాదీ షావుకారు గారిదీ. పిల్లలు ముందు గదులన్నీ తిరిగి ఆఖరికి మా దగ్గరికి వచ్చేవారు. బల్లల మీద తల్లిదండ్రులు కూర్చుని, తలుపు తీసుకుని బయటికొచ్చిన ప్రతి పిల్ల మొహంలోకీ చూస్తూ ఉన్నారు.

ఐదో గదిలో ఒక తల్లి వేషం కావాల్సి వచ్చింది. ఆ గది తలుపు మీద కాగితం ఇది: "ఇరవై ఏళ్ల యువకుడు బైకు ప్రమాదంలో ఆసుపత్రికి వచ్చాడు. పది నిమిషాల క్రితం మరణించాడు. తల్లి లోపల ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమెకు తెలియజేయండి." తల్లిగా కూర్చోవడానికి నేనే మనిషిని ఇచ్చాను. నాతో ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరైన స్టాఫ్ నర్సు. ఆవిడని ఇప్పటికీ సిస్టరనే పిలుస్తాను. అలాంటి తల్లుల్ని ఆవిడ చూసినంతమందిని ఇంకెవరూ చూసి ఉండరు. ఆ గదిలో మార్కులు వేసేది కుర్ర డాక్టరు.

ఆ పిల్ల మా గదిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మునగపాక దగ్గర ఒక పల్లె. తండ్రికి చెరుకూ వరీ. రెండు జడలు, ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. నీట్ రాయడం మూడోసారి. మూడుసార్లూ కాస్తలోనే తప్పిపోయింది. ఇంకోసారి రాయించే ఓపిక ఇంట్లో లేదని కాగితంలోనే రాసుకుంది.

"ఈసారి కూడా రాకపోతే?" అని అడిగాను. అడగకూడని ప్రశ్నే. నేను అందరినీ అడుగుతాను.

"అచ్యుతాపురం కంపెనీలో ప్యాకింగు పనికి అప్లికేషను ఇచ్చేనమ్మా. మా ఊరి నుంచి బస్సు ఎల్తాది," అంది. జాలి కోసం అన్నట్టు లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

డాక్టరెందుకు కావాలని షావుకారు గారు అడిగారు. పొద్దుటి నుంచీ ఆ ప్రశ్నకి "పేదలకు సేవ చేయాలని" అన్న జవాబు విని విని నా చెవులు దిబ్బెళ్లు పడి ఉన్నాయి. ఈ పిల్ల ఆ మాట అనలేదు.

"మా ఊళ్లో ఎవలికి ఒంట్లో బాగోపోయినా రిపోర్టులు నాకాడికే తెత్తారమ్మా. డాట్రు సదువు సదువుతంది కదా, తెలుత్తాదని. సదవడం వచ్చును గాని ఆ తరవాత ఏటి సెయ్యాలో నాకు తెల్దు. బాగుంటే బాగుందని సెప్తాను. బాగోపోతే మాత్రం ఆల్లకి సెప్పను. ఆల్లింట్లో పెద్దోల్లని పిలిచి, ఆల్లకి సెప్తాను."

"అదేం? రోగికే చెప్పచ్చు కదా?"

"ఒక్కల్తీ ఉన్నప్పుడు అలాటి మాట సెప్పకూడదు కదమ్మా. మోయలేరు. పక్కన మనిసుండాల," అంది. ఇంత చిన్న విషయం డాక్టరమ్మకి తెలియదా అన్నట్టు చూసింది.

షావుకారు గారు నా వైపు చూశారు. నేను కాగితం మీద వంగి రాసుకున్నాను: "మాట ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో తెలిసిన పిల్ల." నా సగంలో ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు ఆ పిల్లకే వేశాను. ఈ పిల్లకి సీటు రాకపోతే ఈ ట్రస్టెందుకు అని కూడా అనుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి పిల్లలందరూ అయిపోయారు. మార్కులు కలపడానికి కూర్చునే ముందు వరండాలో టీ ఇచ్చారు. సిస్టర్ నా పక్కన వచ్చి కూర్చుంది. పొద్దుటి నుంచీ ఏడ్చీ ఏడ్చీ ఆవిడ మొహం నిజంగానే ఉబ్బి ఉంది.

"ఓలమ్మో, ఎన్నిసార్లు సచ్చిపోయేడమ్మా నా కొడుకు!" అని నవ్వింది. "సానామంది బాగానే సెప్పేరు. గబగబా సెప్పేసి, సారీ అనేసి, టిష్యూ ఇచ్చేరు. ఒక పిల్ల మాత్రం నన్ను నిజంగా ఏడిపించేసిందమ్మా. మునగపాక సైడు మాట. రెండు జడలు."

"ఏం చెప్పింది?"

"ఏటీ సెప్పలేదు. వచ్చి నా పక్కన కింద కూకుంది. సీసాలో నీల్లు ఇచ్చి తాగమంది. 'బాబుకి సీరియస్‌గా ఉందమ్మా, డాట్రులు సూత్తన్నారు' అంది. 'ఇంటికాడ ఎవలున్నారు? మీ తమ్ముడో, మీ బావో, ఎవల్నైనా పిలుద్దాం, నంబరు సెప్పు' అంది. నాకు ఏటి సెప్పాలో తోచలేదు. ఆ సారిచ్చిన కాగితంలో నాకు తమ్ముడున్నాడో లేడో రాయలేదు కదా! ఎవలూ లేరమ్మా అనేసేను. అంతే, నా సెయ్యి పట్టుకుని కూకుండిపోయింది. గంట కొట్టేసేరు. ఆల్లు లెగమన్నాక గాని లెగలేదు."

టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అచ్చంగా మనం సేసినట్టే సేసిందమ్మా," అంది సిస్టర్. "మీరు సెప్పినట్టే."

అవును, నేను చెప్పినట్టే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ కాగితంలో ఉన్నట్టే చేశాను. నక్కపల్లి దగ్గర లారీ కింద పడి ఒకతను చనిపోతే, వాళ్ల ఆవిడ ఒక్కర్తీ వచ్చింది. పుస్తకాల్లో చదువుకున్నట్టు ఎదురుగా నిలబడి, సూటిగా, మర్యాదగా చెప్పేశాను. ఆవిడ సరేనంది. విడిచిన చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. కనీసం లోపలికెళ్లి చూడలేదు. సాయంత్రం వరకూ ఎక్కడికెళ్లిందో ఎవరికీ తెలియలేదు. ఆఖరికి రైల్వే గేటు దగ్గర కూర్చుని ఉంటే గేటుమేను పట్టుకొచ్చాడు. ఆవిడ అన్నగారు నా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు. "ఏటమ్మా, మనిసి తోడు లేకుండా సెప్పేత్తారేటి ఆ మాట? అంత సదువుకున్నారు," అన్నాడు.

ఆ తరవాత నేనెప్పుడూ ఒంటరి మనిషికి ఆ మాట చెప్పలేదు. సీరియస్‌గా ఉంది, ఇంటి దగ్గర పెద్దవాళ్లెవరు, పిలవండి అనేదాన్ని. మా వైపు ఆ మాట వినగానే సగం తెలిసిపోతుంది. వాళ్లు బంధువులకి ఫోను చేసేటప్పుడు కూడా సీరియస్‌గా ఉందనే చెబుతారు. అవతలివాళ్లు చీర మార్చుకోకుండా బయల్దేరతారు. బస్సులోనే ఏడవడం మొదలుపెడతారు. నలుగురూ చేరాక, ఒక పెద్దమనిషి తల పంకిస్తాడు. అప్పుడు ఎవరూ కింద పడిపోరు, పడినా పట్టుకోవడానికి చేతులుంటాయి. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వందలమందికి ఇలాగే చెప్పాను. సిస్టర్‌కి తెలుసు. ఆసుపత్రి గోడలకి కూడా తెలుసు.

హెడ్‌మాస్టరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. కుర్ర డాక్టరు ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్క పేరే చదువుతూ, నా సగం, తన సగం కలుపుతున్నాడు. తప్పు మాత్ర గదిలో అబద్ధం చెప్పిన ఒక అబ్బాయిని అప్పటికే నియమం ప్రకారం తీసేశాం. నేనే ముందు "తీసేయండి" అన్నాను. గట్టిగా అన్నాను.

ఆ పిల్ల పేరు వచ్చింది. నాలుగు గదుల్లో మంచి మార్కులు. ఐదో గది కాగితం మీద ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. పక్కన ఆయన రాసిన మాట: "చెప్పవలసిన విషయం చెప్పలేదు. మరణించిన వ్యక్తికి చికిత్స జరుగుతోందని తల్లికి అసత్యం చెప్పింది." దాని కుడిపక్కనే పెట్టిన నా కాగితంలోని మాట: "మాట ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలో తెలిసిన పిల్ల." ఒకే పిల్ల, ఒకే పని. నా గదిలో దానికి నిండా మార్కులు పడ్డాయి, ఆయన గదిలో దానికే ఇంటూ మార్కు పడింది.

షావుకారు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇదేటి, ఇద్దరూ ఒకే పిల్లని సూసేరా?" అన్నారు.

"నాకూ బాధగానే ఉంది సార్," అన్నాడు కుర్ర డాక్టరు. నిజంగానే బాధగా ఉంది ఆ మొహంలో. "కానీ నియమం ఉంది. ఇందాక ఆ అబ్బాయిని దాంతోనే తీసేశాం." తన అరిచేతిలోకి చూసుకుంటూ అన్నాడు. "మా నాన్నగారు పోయినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. సీరియస్‌గా ఉంది, రక్తం కావాలి అని చెబితే ఊరంతా తిరిగాను మేడమ్. రక్తం పట్టుకుని పరిగెత్తుకొచ్చాను. ఆయన పొద్దున్నే పోయారట. అందరికీ తెలుసట. అన్ని గంటలు నాకొక్కడికే తెలియదు. ఆ రోజు నాకు నిజం చెప్పిన డాక్టరు ఒక్కడుంటే అతనికి దండం పెట్టేవాణ్ని."

ఆయనది తప్పని నేననడం లేదు. కానీ ఆ పిల్ల చేసిందీ తప్పు కాదని ఆ గదిలో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడు ఆయన అడిగాడు. పొడవడానికి కాదు, తెలుసుకుందామనే అడిగాడు. "మీరు ఇంత సర్వీసు చేశారు కదా మేడమ్. మీరైతే ఏం చేసేవారు?"

ఒక్క మాట చాలు. నేనూ ఆ పిల్ల చేసినట్టే చేశాను, అందుకే నాకు తెలుసు, అనాలి. అంటే ఏమవుతుంది? ఈ ఊళ్లో ఇంతకాలం డాక్టరమ్మగా బతికిన మనిషి, తండ్రి శవం దగ్గరికి రక్తం పట్టుకుని పరిగెత్తిన కుర్రాడి ముందు కూర్చుని, నేనూ అలాగే పరిగెత్తించాను అని ఒప్పుకోవాలి. నా నియమం ప్రకారం నేను కూడా ఆ ఐదో గదిలో తప్పేదాన్నని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. అంతే. పెద్ద కారణమేమీ లేదు, సిగ్గు.

"చెప్పేసేదాన్ని," అన్నాను. "సూటిగా చెప్పేసేదాన్ని."

ఆ రోజు ఆ స్కూల్లో ఎవరైనా నిజంగా అబద్ధమాడారంటే అది నేను. నాకు ఇంటూ మార్కు పెట్టేవాళ్లు లేరు. కుర్ర డాక్టరు తలూపాడు. షావుకారు గారు "మరి డాట్రమ్మ గారే అంటన్నారు కదా" అని కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఆ పేరు జాబితాలోంచి పోయింది. కింద ముగ్గురం సంతకాలు చేశాం. జాబితా మర్నాడు మధ్యాహ్నం పెడతామనీ, అంతవరకూ ఎవరికీ చెప్పకూడదనీ షావుకారు గారు గుర్తుచేశారు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. రిపోర్టులవాళ్లే అనుకుని విసుక్కుంటూ వెళ్లాను. ఆ పిల్ల తండ్రి. నిన్న బల్ల మీద చూసిన మనిషే. లుంగీ మీద తెల్ల చొక్కా వేసుకుని, చెప్పులు గేటు బయటే విడిచి నిలబడ్డాడు. రోడ్డు అవతల బండి పక్కన ఆ పిల్ల తల వంచుకుని నిలబడి ఉంది.

"రికమండేసనికి రాలేదమ్మా," అన్నాడు ముందే. "మా గుంట నిన్నటికాణ్నుంచి మెతుకు ముట్టలేదు. ఆ కడాకరి గదిలో తప్పు సేసేను నాయినా, తప్పు సేసేను అని ఒకటే ఏడుపు. ఏటి తప్పో సెప్పదు. అది ఒద్దంటే నానే తీసుకొచ్చేను. వత్తాదా, రాదా, ఒక్క మాట సెప్పండమ్మా. రాపోతే రానేదు. ఆసతోటి ఉండలేపోతన్నాం."

చెప్పేద్దామనే అనుకున్నాను. జాబితా మధ్యాహ్నం ఎలాగూ పెడతారు. నిన్న సూటిగా చెప్పేసేదాన్నని గొప్పలు పోయాను కదా, కనీసం ఇవాళైనా ఆ మాట నిలబెట్టుకుందామనుకున్నాను. నోరు తెరిచాను.

"కూర్చోండి," అన్నాను. వరండాలో కుర్చీ లాగాను. లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. "ఇంకా చూస్తున్నారు. కొంచెం కష్టంగానే ఉంది. ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఎవరున్నారు?"

గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. ఆయన నా మొహంలోకి చూశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నీళ్లన్నీ తాగేసి గ్లాసు కింద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. తువ్వాలు కాసేపు అలాగే మొహం మీద ఉంచుకున్నాడు.

"మా బావున్నాడమ్మా," అన్నాడు. "పిలుత్తాను."

ఇంకేమీ అడగలేదు. ఎందుకు రాలేదని గాని, మళ్లీ అవకాశముందా అని గాని అడగలేదు. జేబులోంచి ఫోను తీసి అక్కడే నిలబడి మాట్లాడాడు. "బావా, ఓపాలి మా ఇంటికాడికి రా. ఏటీ నేదు. గుంటకాడ నువ్వుండాల," అన్నాడు. ఆ బావ కూడా ఏమీ అడిగినట్టు లేడు.

నిన్న ఎర్ర సిరాతో రాసిన మాట నా కళ్ల ముందు కదిలింది. చెప్పవలసిన విషయం చెప్పలేదట. నేను ఇప్పుడు ఈయనకి చెప్పలేదా? ఈయనకి తెలియలేదా? ఆ పిల్ల కూడా ఆ గదిలో ఆ తల్లికి ఎనిమిది నిమిషాల పాటు చెబుతూనే ఉంది. సిస్టర్‌కి అర్థమైంది, అందుకే నిజంగా ఏడ్చింది. పరీక్షకుడికి ఒక్కడికే వినబడలేదు. వినబడిన నేను సంతకం చేసి వచ్చాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

ఆయన దండం పెట్టి రోడ్డు దాటాడు. కూతురితో ఏమీ అన్నట్టు కనబడలేదు. బండి తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడంతే. ఆ పిల్ల ఆయన మొహం చూసింది. తాళం తీసుకుంది. తరవాత ఏమనుకుందో, ఒక్కర్తీ రోడ్డు దాటి మా గేటు దగ్గరికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి గానీ ఏడవడం లేదు. సీటు సంగతి ఎత్తుతుందేమోనని భయపడ్డాను. ఎత్తితే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను.

"అమ్మా, నాను సేసిన తప్పు నాకు తెలుసును," అంది. "గంట కొట్టేరు. ఆవిడికి ఎవలూ లేరంది. ఎవలూ లేరని తెలిసి కూడా, గంట కొట్టేరని లెగిసి వచ్చేసేను. ఒక్కల్తినీ ఒగ్గేసేను. ఉత్తుత్తి తల్లే అని తెలుసును, అయినాగాని ఒగ్గీకూడదు కదా. ఆ సార్ అదే రాసుకునుంటారు."

కాదమ్మా, నువ్వు ఒక్కదానివే సరిగ్గా చేశావు, తప్పు నాది, అనాలి. ఆ మాట నాలిక మీదే ఉంది. చుట్టూ ఎవరూ లేరు, కుర్ర డాక్టరూ లేడు, సిగ్గుపడడానికి కారణం కూడా లేదు. అయినా అనలేదు. "తిన్నావా?" అన్నాను. తలూపింది. అబద్ధం. దండం పెట్టి వెళ్లిపోయింది. బండి తనే నడిపింది, తండ్రి వెనక కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ పిల్ల కంపెనీకి వెళుతోంది. కంపెనీ బస్సు మా ఊరివాళ్లనీ ఎక్కించుకుంటూ మా వీధి చివర నుంచే పోతుంది. ఎప్పుడైనా నేను పాల కోసం బయటికి వస్తే కిటికీలోంచి చూసి నాకు చెయ్యి ఎత్తి దండం పెడుతుంది. నేనూ చెయ్యి ఎత్తుతాను. గంట కొట్టగానే లేచి వచ్చేయడమే తన తప్పని ఆ పిల్ల ఇప్పటికీ అనుకుంటోంది.